మెట్ల దగ్గర పెట్టెకు తడిగుడ్డ

కింది వాటా మామ్మ ఈ వయసులో మెట్ల మీద గంతులేస్తోందట! మూడో అంతస్తు వదినగారు కళ్లారా చూసి, మేడ మీద బట్టలారేస్తున్న పిన్నిగారి చెవిన వేస్తే, ఆవిడ ఉప్పూకారం చేర్చి మా ఇంటిదాకా మోసుకొచ్చింది.

విచారించాను. గంతులు నిజమే. వేయించింది మాత్రం కేబుల్ యాంప్లిఫయర్. అది మా బిల్డింగుకు పట్టిన అదృష్టమని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఎరగనివారి కోసం చెబుతాను. మెట్ల రెయిలింగుకు బిగించిన ఇనప పెట్టె అది. వైరులో నీరసించి వచ్చిన సిగ్నల్‌కు బలం పట్టించి ఇంటింటికీ పంపుతుంది. దానికో స్క్రూ. తిప్పితే బలం పెరుగుతుంది. ఎంతవరకు తిప్పాలో కేబులతను చెప్పాడు. చెబితే వినే ఘటాలమా? వచ్చేటప్పుడొకరు, పోయేటప్పుడొకరు తలో తిప్పు తిప్పాం. సిగ్నల్‌కు అజీర్తి చేసింది. ఇప్పుడు వార్తలు చదివే అమ్మాయి ముఖం మీద వంటల చానల్ మూకుడు తేలుతోంది. ఒక్క టికెట్టుకు రెండాటలు! ఎవరికి దక్కుతుందండీ ఈ భోగం?

ఇక సేఫ్టీ. ప్లగ్గుకు మూడు కాళ్లు, మా గోడ సాకెట్టుకు రెండే కన్నాలు. కొత్త కన్నం పెట్టడం కష్టం, కాలు విరవడం సులువు. దారితప్పిన కరెంటును నేలలోకి దింపే ఆ ఎర్త్ కాలిని సెక్రటరీగారే స్వహస్తాలతో విరిచారు.

పెట్టె వేడెక్కింది. గాలి తగిలేచోట పెట్టమన్నాడు కేబులతను. మాకంతకన్నా మంచి వైద్యం తెలుసు. జ్వరమొచ్చిన బిడ్డకు వేసినట్టు దాని నెత్తిన తడిగుడ్డ వేశాం. ఆరినప్పుడల్లా చెంబుతో తడిపాం కూడా! వేడి తగ్గలేదు గానీ, లోపలి కరెంటు ఆ తడి దారి పట్టి రెయిలింగులోకి దిగింది.

లాభాలు చూడండి. రెయిలింగు మీద జారే పిల్లలు లేరు. దానికి చేరగిలబడి కబుర్లాడే పెద్దలూ లేరు. అందరం చేతులు కట్టుకుని, హెడ్మాస్టరు గదిలోకి వెళ్తున్నట్టు, మెట్ల నడిమధ్యన నడుస్తున్నాం. ఇంత క్రమశిక్షణ ఏ బడి నేర్పింది?

ఒక్క మామ్మకే ఇబ్బంది. పై అంతస్తులో మంచం పట్టిన అక్కకు రెండు పూటలా అన్నం తినిపించేది ఆవిడే. రెయిలింగు పట్టుకోందే మోకాళ్లు మెట్టెక్కనివ్వవు. నిన్న పట్టుకుంది. క్యారేజీలో అన్నం మెట్ల పాలైంది.

కేబులతన్ని పిలిపించాం. గుడ్డ చూసి నెత్తి బాదుకున్నాడు. "ముందు దీనికి కరెంటు తీసేయాలి సార్. పెట్టె మార్చి, ఎర్త్ వైరు లాగి, మూడు కన్నాల సాకెట్టు బిగిస్తా. ఓ పూట టీవీ రాదు, అంతే."

అంతే అట!

"ఇవాళా? సీరియల్లో కోడలికి ఇవాళేగా స్పృహ వచ్చేది!" అంది వదినగారు.

"రేపు మ్యాచ్ అన్నయ్యా," అన్నాడు ఎదురింటి మెకానిక్కు.

"ఎల్లుండి ఫైనలు," అన్నారు సెక్రటరీగారు. ఆ పైన మామ్మ వైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా, "నాలుగు రోజులు సర్దుకోండి మామ్మగారూ. చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకోండి. పొడిగుడ్డ సుమా!" అన్నారు.

మామ్మ కింది మెట్టు మీద క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మీకెందుకు నాయనా శ్రమ? నేను పోయిననాడు సిగ్గుకైనా టీవీలు కట్టేస్తారుగా, ఆ పూట బాగుచేయించుకోండి. మర్నాటి నుంచి మా అక్కకు అన్నం ఎవరు పెడతారో, అదొక్కటీ ఇప్పుడు చెప్పండి."