డేగకన్ను, పోయిన ఇయర్‌పీస్

“బావా, ఈ భవనంలో నేరం చేయాలనుకునేవాడు ముందు నన్ను తలచుకుని వణకాలి. నా చూపు తప్పించుకున్న వస్తువు ఈ లోకంలో ఇంతవరకూ లేదు!”

ఈ మాటలన్నవాడు చొక్కా గుండీలు ఒక వరస తప్పించి పెట్టుకున్నాడు. మా ఆవిడ తమ్ముడు. మా స్పోర్ట్స్ చానెల్లో రిపోర్టర్. స్టేడియం బయట మైకు పట్టుకుని నిలబడటం వాడి ఉద్యోగం, డిటెక్టివ్‌నని అనుకోవడం జబ్బు. ‘డేగకన్ను’ అని పేరు కూడా తనే పెట్టుకున్నాడు. నేను స్టూడియో కెమెరామన్‌ని. వాణ్ణి ఏమైనా అంటే ఇంట్లో నా కాఫీ పల్చబడుతుంది కాబట్టి భరిస్తున్నాను.

“సరేగానీ, ఎందుకలా అరుస్తున్నావు?”

“ఆఁ?” అన్నాడు కుడిచెవి రుద్దుకుంటూ. “పొద్దున స్టేడియం నుంచి లైవ్ ఇచ్చి వచ్చినప్పటి నుంచీ చెవి దిబ్బడేసింది బావా. గాలి పట్టుంటుంది. కాస్త గట్టిగా చెప్పు.”

అంతలో మేకప్ గదిలోంచి కేక వినపడింది. నేను పరిగెత్తాను. నేను పరిగెత్తడం చూసి వాడూ పరిగెత్తాడు.

కొత్త యాంకరమ్మ అద్దం ముందు హ్యాండ్‌బ్యాగ్ బోర్లించి వెతుకుతోంది. ఇన్నాళ్లూ ఉదయం స్కోర్లు చదివిన అమ్మాయి. ఫైనల్ మ్యాచ్ షో ఇవాళే మొదటిసారి ఆమె చేతికొచ్చింది.

“నా ఇయర్‌పీస్ లేదన్నా! పొద్దున ఇక్కడే, రిపోర్టర్ల కిట్ల పక్కన పెట్టాను.”

యాంకర్‌కి ప్రొడ్యూసర్ మాట వినపడేది దాంట్లోంచే. ఈమె చెవి మరీ చిన్నది, మామూలువి నిలవవు. ఓసారి అలాగే జారిపోతే, బ్రేక్ తీసుకోమని ప్రొడ్యూసర్ మొత్తుకుంటున్నా వినపడక, గోల్‌కీపర్ గురించి మాట్లాడుతూనే పోయింది. అప్పుడు ఆమె చెవికి అచ్చు తీసి, గాజులా కనబడే మెత్తటి బిళ్ల చేయించారు. దాన్ని వైరు చివర తగిలించుకుని చెవిలో పెట్టుకుంటుంది.

“దొరక్కపోతే నీ బదులు సీనియర్ యాంకర్ కూర్చుంటాడు,” అన్నాడు ప్రొడ్యూసర్ గుమ్మంలోంచి. “ఫైనల్‌తో ఆటలాడలేనమ్మా. షో మొదలయ్యేలోగా చూసుకో.”

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. కాటుక చెదురుతుందని మేకప్ అక్క గోల. నాకు నిజంగానే బాధేసింది.

“ఎవరూ కదలొద్దు!” డేగకన్ను గర్జించాడు. “ఇది దొంగతనం కాదు, మహా కుట్ర! దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉంది!”

“హస్తం సంగతి తర్వాత. ముందు బల్ల కింద చూడు.”

“ఆఁ?”

చూడలేదు. మేకప్ అక్క దగ్గరున్న కొలత టేపు లాక్కున్నాడు. “వేలిముద్రలు పాత పద్ధతి బావా. ఆ వస్తువు ఈమె చెవికే పడుతుంది. కాబట్టి దొంగదీ ఇలాంటి చెవే!” అంటూ అందరి చెవులూ కొలిచాడు. ప్రొడ్యూసర్ చెవి పట్టుకోబోయి తిట్లు తిన్నాడు. సరిగా వినపడక థాంక్స్ చెప్పాడు.

“నీ చెవి కూడా చూసుకోవయ్యా,” అని అరిచింది మేకప్ అక్క.

“డిటెక్టివ్‌ని అనుమానిస్తావా అక్కా? భలేదానివే!”

స్టూడియోలో సీనియర్ యాంకర్ కోటు, టై వేసుకుని బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. డేగకన్ను వంగి బల్ల కిందికి తొంగిచూశాడు. కింద నిక్కరు, హవాయి చెప్పులు.

“దొరికారు సార్! పైన కోటు, కింద నిక్కరు. మారువేషం సగంలో ఉండగా పట్టేశాను!”

“నాయనా, ఈ బల్ల వెనక చేరినప్పటి నుంచీ నన్ను నడుం కింద చూసినవాడివి నువ్వొక్కడివే,” అన్నాడు సీనియర్. “ఆ పిల్లకి అది దొరికితే హాయిగా ఇంటికెళ్లి మ్యాచ్ చూసుకుంటాను. నాకెందుకయ్యా ఈ తలనొప్పి?”

“నేరస్తులంతా ఇంటికెళ్తామనే అంటారు!”

షో మొదలవబోతోందని పిలుపొచ్చింది. కొత్త యాంకరమ్మ తను రాసుకున్న కాగితాలు తెచ్చి సీనియర్ ముందు పెట్టింది. “పర్లేదన్నా, ఇంకో ఫైనల్ వస్తుందిలే,” అంది నాతో.

“ఆగండి! దొంగ ఈ గదిలోనే ఉన్నాడు!”

డేగకన్ను చేతులు చాచి గిర్రున తిరిగాడు. నా కెమెరా కేబుల్ కాళ్లకి చుట్టుకుంది. దభీమని పడి, తల బల్లకి కొట్టుకున్నాడు. కుడిచెవిలోంచి గాజులాంటి చిన్న బిళ్ల టప్పున ఊడి, దొర్లుకుంటూ వెళ్లి సీనియర్ చెప్పు పక్కన ఆగింది.

పొద్దున హడావిడిలో తన కిట్‌తో పాటు దాన్నీ ఎత్తుకెళ్లి, వైరుకి తగిలించి చెవిలో కుక్కుకున్నాడన్నమాట. లైవ్ అయ్యాక వైరు లాగేశాడు. బిళ్ల లోపలే ఇరుక్కుంది.

కొత్త యాంకరమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి స్పిరిట్‌తో తుడిచింది. డేగకన్ను మొహం చూసి మళ్లీ తుడిచింది. సీనియర్ నిక్కరుతోనే దర్జాగా లేచి, “రా తల్లీ, కూర్చో,” అన్నాడు.

“వినపడుతోందా అమ్మా?” ప్రొడ్యూసర్ గొంతు నా హెడ్‌ఫోన్లోనూ పలికింది.

“బాగా వినపడుతోంది సార్!”

ఎర్రలైటు వెలిగింది. ఆమె నవ్వుతూ నమస్కారం పెట్టింది. నాకు ఈలేయాలనిపించింది.

డేగకన్ను నా పక్కకి పాక్కుంటూ వచ్చాడు. “చూశావా బావా? బల్ల కింద దాచిన సొత్తు నా ఒక్క గుద్దుకి బయటపడింది! ఆ సంతోషానికి చెవి దిబ్బడ కూడా వదిలింది!”

లైవ్ కాబట్టి నోరు మెదపలేకపోయాను. షో అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంటికెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఎదురైంది.

“తమ్ముడు పెద్ద కేసు తేల్చాడటగా! వాడివల్లే షో నిలబడిందట!”

ఆమె చేతిలో కాఫీ కప్పు ఉంది. చాలా రోజుల తర్వాత అంత చిక్కటి కాఫీ చూశాను.

“అవును,” అన్నాను కప్పు అందుకుంటూ. “వాడి చెవిన పడకుండా ఏదీ పోదు.”