గల్ఫ్ బండి

ఆ రోజుకి నజీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బండి కడగాలి. మధ్యాహ్నానికి పూలు కట్టాలి. నాలుగింటికి విడిది ఇంటి ముందు నిలబెట్టి, పెళ్ళికొడుకుని ఎక్కించుకుని, కల్యాణ మండపం దగ్గర దించాలి. మధ్యలో ఉన్నది ఒక్క కిలోమీటరు. పర్చూరులో ఆ కిలోమీటరు దారిని నజీర్ తాత, ఆ తర్వాత నాన్న హుస్సేన్ సాహెబ్, ఆ తర్వాత నజీర్ ఎంతమంది పెళ్ళికొడుకులతో దాటారో వాళ్ళకే గుర్తులేదు.

అన్నీ గుర్రబ్బండి మీదే. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకు మాత్రం సాయిబు గారి బండే ఎక్కేవాడు. రెండేళ్ళ కిందట గుర్రం చచ్చిపోయింది. అది పోయిన నెలకే చీరాల నుంచి టాపు లేని కారొకటి ఊళ్ళో పెళ్ళిళ్ళకి రావడం మొదలుపెట్టింది. ఇంటి గోడ మీద 'హుస్సేన్ సాహెబ్ పెళ్ళిబండి' అని నాన్న రాయించిన అక్షరాలకు నజీర్ మాత్రం బండి లేకపోయినా ఏటా రంగు వేయిస్తూనే వచ్చాడు. అది అతని పౌరుషం. ఇవాళ యలమందయ్య గారమ్మాయి పెళ్ళిలో ఊరేగింపు సవ్యంగా జరిగితే ఆ అక్షరాలు ఉంటాయి. జరక్కపోతే వచ్చే పెళ్ళి నుంచి ఊరంతా చీరాల కారుకే ఫోన్ చేస్తుంది. అప్పుడు ఆ గోడకు సున్నం కొట్టించడం తప్ప చేసేదేమీ ఉండదు.

కొత్త బండిని నజీర్ ఫోనులో చూసి కొన్నాడు. గోల్ఫ్ ఆడే దొరలు మైదానంలో తిరిగే కరెంటు బండి. చైనా నుంచి నేరుగా దిగుమతి అన్నారు. పెట్రోలు అక్కర్లేదు, గడ్డి అక్కర్లేదు, ధర మిగతావాటిలో మూడో వంతు. ముందు రెండు సీట్లు, వాటి వీపుకి ఆనుకుని వెనక రెండు సీట్లు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ ముఖం వెనక్కే ఉంటుంది. పెళ్ళికొడుకుని ముందు తన పక్కన కూర్చోబెట్టుకుంటే సరిపోతుందని నజీర్ లెక్క. డబ్బు అందిన రోజు నుంచి అమ్మినవాడి ఫోను మోగడం మానేసింది. బండి మాత్రం చెక్క పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. బిగించే విధానం రాసిన కాగితం మొత్తం చైనా భాషలో ఉంది.

ఆటోలు బాగుచేసే వీరబాబు మూడు రోజులు కుస్తీ పట్టి బిగించాడు. చివర్లో గుప్పిట తెరిచి చూపించాడు.

"ఇయ్యి మిగిలినయ్ బాబాయ్. పదకొండు మరలు, ఒక మూత."

"ఎక్‌స్ట్రా ఇచ్చుంటారు లేరా. మంచి కంపెనీ," అన్నాడు నజీర్.

బండి బాగానే నడిచింది. కాకపోతే వెనక్కి తీసినప్పుడల్లా లోపల నుంచి ఒక ఆడగొంతు, పక్కకి తప్పుకోమని కాబోలు, చైనా భాషలో "దావ్ చే, చింగ్ జూయీ" అని తియ్యగా పలికేది. ఆ గొంతు నజీర్ భార్య ఖుర్షిదాకు మొదటి రోజే నచ్చలేదు.

"ఒక నెల ఊళ్ళో తిప్పి చూడండి. ఆ తర్వాత పెళ్ళికి పెడుదురు గాని," అంది.

"గుర్రాన్ని కొన్నప్పుడు నెల రోజులు చూశామా?"

"గుర్రానికి బుర్రుందండీ. మీరు తప్పు తోలినా అది సరిగ్గా పోయేది."

 నజీర్ బండి తుడవడానికి వెళ్ళాడు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మిర్చి రైతు యలమందయ్యకు ఈ బండి సంగతి చెప్పిన రోజే అది మొదలైంది.

"గోల్ఫ్ బండి తెప్పించానండీ," అన్నాడు నజీర్.

"గల్ఫా! దుబాయా, కువైటా?"

"గల్ఫ్ కాదండీ, గోల్ఫ్. అదొక ఆట. కర్రతో బంతిని కొట్టి గుంటలో వెయ్యాలి."

"గోళీలాటలాగానా? గోళీలాటకి కారెందుకయ్యా?"

నజీర్ ఇంకో రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారికి అలసిపోయాడు. నిజం చెప్పాలంటే గల్ఫ్ అన్న మాటే అతని చెవికి కూడా బరువుగా, ఖరీదుగా వినిపించింది. నోరు మూసుకున్నాడు. యలమందయ్య మూయలేదు. ఒంగోలులో వియ్యాలవారికి ఫోన్ చేసి, అబ్బాయి ఊరేగింపుకి గల్ఫ్ నుంచి బండి దిగిందని చెప్పాడు. వాళ్ళు తమ బంధువులకు చెప్పారు. పెళ్ళినాటికి అది షేకుల బండి అయి కూర్చుంది. దాన్ని చూడ్డానికని అనుకున్నదానికంటే రెండు బస్సులు ఎక్కువ వచ్చాయి.

నాలుగింటికి బండి విడిది ఇంటి ముందు, మండపం వైపు ముఖం పెట్టి ఆగింది. ముందు భాగమంతా బంతిపూలు, మల్లెపూలు. ఒంగోలువాళ్ళు చుట్టూ మూగి సెల్ఫీలు తీసుకున్నారు. యలమందయ్య మీసం మీద చెయ్యి తీయలేదు. నజీర్ ఇస్త్రీ చొక్కా, తలమీద టోపీ సర్దుకుని, నాన్న నిలబడినట్టే బండి పక్కన నిలబడ్డాడు. ఛాతీ దానంతట అదే పొంగింది.

అప్పుడు యలమందయ్య అక్కగారికి దిష్టి సంగతి గుర్తొచ్చింది. ఇన్ని వందల కళ్ళు పడ్డ బండికి పళ్ళెంలో కలిపే ఎర్రనీళ్ళు ఏ మూలకి? పసుపూ సున్నమూ కలిపి ఏకంగా బిందెడు తయారుచేయించింది. ఆ బిందెను ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు పట్టుకుని మూడుసార్లు తిప్పారు. తిప్పాక చక్రాల ముందు పారబోయాలి. మూడో తిప్పుకే చేతులు లాగేశాయేమో, బిందె వంకర తిరిగి నీళ్ళన్నీ సీటు కిందికి వెళ్ళాయి. అక్కడే బండి స్విచ్చులున్నాయి. వాటి మీద పెట్టాల్సిన మూత వీరబాబు గుప్పిట్లో మిగిలిపోయిన మూతే.

చుర్రుమని చిన్న చప్పుడైంది. కాస్త పొగ వచ్చింది. సాంబ్రాణి అనుకుని పెద్దవాళ్ళు చేతులు జోడించారు.

పెళ్ళికొడుకు ఎక్కాడు. బాజాలు మోగాయి. నజీర్ 'బిస్మిల్లా' అనుకుని పెడల్ తొక్కాడు. బండి నెమ్మదిగా, మర్యాదగా రెండడుగులు వెనక్కి నడిచింది.

"దావ్ చే, చింగ్ జూయీ," అంది ఆడగొంతు.

బాజాలు ఆగిపోయాయి. అరుగు మీద కుర్చీలో కూర్చున్న పెళ్ళికొడుకు నాయనమ్మ సుబ్బరావమ్మ లేచి నిలబడింది.

"ఆపండ్రా! పెళ్ళికొడుకెక్కిన బండి వెనక్కి నడవటమేంట్రా? ఎక్కడన్నా ఉందా? దించండి నా మనవణ్ణి!"

దించారు. నజీర్ స్విచ్చి అటు వేశాడు, ఇటు వేశాడు. అటు వేసినా బండి వెనక్కే. ఇటు వేసినా వెనక్కే. వీరబాబు పరుగెత్తుకొచ్చి సీటెత్తి చూశాడు.

"ముందుకు పోయే స్విచ్చి కాలిపోయింది బాబాయ్. వెనక్కిపోయేది మాత్రం శుభ్రంగా ఉంది."

"బాగుచెయ్యలేవా?"

"పార్టు కావాలి."

"ఎక్కడ దొరుకుద్దిరా?"

"చైనాలో."

యలమందయ్య ముఖం పండు మిరపకాయ రంగులోకి వచ్చింది. నజీర్‌ని పక్కకి లాగి, పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు.

"గల్ఫ్ బండని ఒంగోలంతా చెప్పుకున్నానయ్యా! తీశావు కదా నా పరువు! అయిదున్నరకి వర్జ్యం వస్తది. ఈలోపు పిల్లోడు మండపంలో ఉండాలి. ఇంక లాభం లేదు, చీరాల కారుకి ఫోన్ చేస్తన్నా."

చేశాడు. గంటలో వస్తామన్నారు. గంటంటే అయిదూ నలభై. నడిపించుకుపోదామని ఒకరన్నారు. పెళ్ళికొడుకుని నడిపించడమేంటని పదిమంది విరుచుకుపడ్డారు. ఆటోలో తీసుకుపోదామన్న మనిషి ఎవరో ఆ తర్వాత కనపడలేదు.

 నజీర్ వెళ్ళి బండి వెనక సీట్లో కూలబడ్డాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తాత తోలిన బండి, నాన్న తోలిన బండి, ఏనాడూ ఒక్క పెళ్ళికొడుకుని దారిలో దించి ఎరగదు. తన చేతిలోనే, అందరి ముందూ ఇలా అయింది. గోడ మీద అక్షరాలకి సున్నం తనే కొట్టుకోవాలి, మనిషిని పెట్టడానికి కూడా ముఖం చెల్లదు అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అవి తుడుచుకుని తల ఎత్తేసరికి ఎదురుగా విడిది ఇంటి గుమ్మం, గుమ్మంలో మండిపడుతున్న సుబ్బరావమ్మ. ఇప్పుడు బండి కదిలితే తను నేరుగా ఆవిడ మీదికే పోతాడు. అంటే ఈ సీట్లో కూర్చున్నవాడికి బండి ముందుకే పోతుంది.

నజీర్ ఒక్క గంతులో కిందికి దూకాడు.

"యలమందయ్య గారూ, మిర్చి టిక్కీలు మోసేవాళ్ళని ఎనిమిది మందిని పిలవండి! పూలన్నీ ఇప్పి వెనక్కి కట్టండి!"

యార్డులో రోజంతా మిర్చి బస్తాలు ఎత్తి దించే చేతులకి ఆ బండి ఒక బరువా? ఎనిమిది మందీ గాల్లోకి లేపి, బండి వెనక భాగం మండపం వైపుకి వచ్చేలా తిప్పి దించారు. బంతిపూలు ముందు నుంచి వెనక్కి మారాయి. అంతా అయ్యాక సుబ్బరావమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చి బండి చుట్టూ తిరిగింది.

"ఏమయ్యా సాయిబూ, ఎట్టా తిప్పినా బండి వెనక్కి పోయేదేగా?"

"అమ్మా, ఈ సీట్లో కూర్చుంటే మీ మనవడు ఎటు చూస్తాడు?"

"మండపం వైపు."

"ఎటు పోతాడు?"

"మండపం వైపే."

"మరి వెనక్కి పోయేదెవరమ్మా?"

సుబ్బరావమ్మ కర్రతో అతన్ని చూపించింది. "నువ్వు."

"నేను పెళ్ళికొడుకుని కాదుగదమ్మా."

ఆవిడకి ఆ తర్కంలో దోషం దొరకలేదు. "బాజాలు కానివ్వండ్రా," అంది.

అయిదింటికి బండి కదిలింది. పెళ్ళికొడుకు దారికి ఎదురుగా, రాజాలాగా కూర్చున్నాడు. అతనికి వీపు ఆనించి, తల వెనక్కి మెలితిప్పి నజీర్ తోలుతున్నాడు. మాఘమాసం కావడంతో సగం రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కుడివైపు ఎర్రటి కళ్ళం, ఎడమవైపు మురుగు కాలువ. మధ్యలో మిగిలింది బండికి రెండు వైపులా జానెడు జాగా. ముందుకి తోలేవాడికే అది గండం. నజీర్ మాత్రం గుర్రంతో బండిని సందుల్లోకి వెనక్కి నెట్టించిన మనిషి. కిలోమీటరు పొడుగునా ఒక్క కాయ మీద చక్రం పడనివ్వలేదు.

బండి మాత్రం దారంతా ఆపకుండా "దావ్ చే, చింగ్ జూయీ" అంటూనే ఉంది.

"ఏమంటందయ్యా అది?" అని సుబ్బరావమ్మ అడిగింది.

"దీవెనలమ్మా!" అన్నాడు యలమందయ్య, పోయిన పరువు తిరిగొస్తున్న ఊపులో. "అరబ్బీలో దీవిస్తంది. గల్ఫ్ బండి గదా!"

ఆవిడ వెంటనే చెంపలు వేసుకుంది. రోజూ నమాజు చేసే నజీర్‌కు అది అరబ్బీ కాదని బాగా తెలుసు. మెడ పట్టేసి ఉన్నందువల్ల తల అడ్డంగా ఊపడానికి వీలు కాలేదు. మండపం దాకా దీవెనలు సాగాయి. సగం దారిలో సన్నాయి ఆయన కూడా ఆ గొంతుకి శ్రుతి కలిపాడు.

మెడ నొప్పి తీర్చుకోవడానికి నజీర్ మధ్యమధ్య ముఖం తిప్పి ఎదురుగా చూసేవాడు. అలా చూసిన మొదటిసారే అతనికి ఓ సంగతి తట్టింది. బండి వెంట నడిచే ఊరు ఊరంతా తనకి ఎదురుగా ఉంది. మూడు తరాలుగా ఊరేగింపులో ఊరికి కనపడింది తమ వీపులే. తాత ముఖం, నాన్న ముఖం ఏ పెళ్ళి ఫోటోలోనూ లేవు. ఇవాళ అందరూ తన ముఖం చూస్తున్నారు. తెలిసినవాళ్ళు చెయ్యి ఊపుతున్నారు. "అదరగొట్టావు నజీరూ!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్ళ గుంపులో పట్టుచీర కట్టుకుని నడుస్తున్న ఖుర్షిదా కనిపించింది. ఆమె చెయ్యి ఊపలేదు. పక్కనున్నావిడ భుజం తట్టి, "మా ఆయనే," అని చెబుతున్నట్టు పెదవుల కదలికను బట్టి అతనికి తెలిసింది. అంతటి గర్వం నజీర్ తన జన్మలో ఎరగడు.

అయిదూ ఇరవైకి పెళ్ళికొడుకు మండపం మెట్ల ముందు దిగాడు. వీడియో తీసే అతను నజీర్ చేతులు పట్టుకుని వదల్లేదు.

"పదేళ్ళ సర్వీసండీ నాది. ఏ ఊరేగింపు తీసినా డ్రైవరు తలకాయ అడ్డం వచ్చేది. పెళ్ళికొడుకు ముఖం మొత్తం దొరికింది ఇయ్యాలే!"

చీరాల కారు అయిదూ నలభైకి వచ్చింది. దాని డ్రైవరు కిందికి దిగి, పూలు కట్టిన వెనక భాగాన్నీ, వట్టిగా ఉన్న ముందు భాగాన్నీ చూసి, కారు తిప్పుకున్నాడు. ఒంగోలు పెద్దమనిషి ఒకాయన నజీర్ దగ్గరికి వచ్చి, చైత్రంలో తమ అబ్బాయి పెళ్ళికి ఇదే బండి రావాలని చెయ్యి కలిపాడు.

"కాకపోతే ఒక్క మాటండీ. ఇట్టా వెనక్కే తోలాలి. మామూలుగా ముందుకి పోయే బండ్లు మా ఒంగోల్లో బోలెడున్నాయి."

"మేం ముందుకి తోలమండీ. మా ఇంటి పద్ధతి కాదు," అన్నాడు నజీర్ గంభీరంగా.

మర్నాడు గోడ మీద అక్షరాల కింద 'గల్ఫ్ బండి కలదు' అని ఇంకో వరుస రాయించాడు. వారం తిరక్కుండా మూడు పెళ్ళిళ్ళు కుదిరాయి. నాలుగో పెళ్ళివారు కూడా దాదాపు ఒప్పుకున్నారు గాని, వీరబాబు గుంటూరులో పార్టు సంపాదించి బిగించాడనీ, బండి ఇప్పుడు ముందుకి కూడా పోతోందనీ తెలిసి మానుకున్నారు.