భాస్కరం గారి పనసపొట్టు

ఆ రోజు పొద్దున హైమ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ట్రస్టు చైర్మన్ మణిశంకర్ గారు, ఆయన భార్య లలితాంబ గారు కడియం దగ్గరున్న తమ వృద్ధుల నిలయానికి తనిఖీకి వస్తారు. వాళ్ళకి కాఫీ ఇచ్చి, గదులు చూపించి, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న భాస్కరం గారిని చూపించాలి. "చూశారా అండీ, లేచి తిరుగుతున్నారు" అని ఒక్క మాట అనాలి. అంతకు మించి ఆవిడ దేవుణ్ణి ఏమీ కోరలేదు.

ఎందుకంటే భాస్కరం గారు మంచం దిగక రెండు నెలలైంది. కాళ్ళకి ఏ జబ్బూ లేదని డాక్టరు చెప్పాడు. మనిషే గోడ వైపు తిరిగి పడుకుని, పెడితే తిని, పెట్టకపోతే అడగడం మానేశారు. మంచం దిగనివాళ్ళని నరసాపురం బ్రాంచికి మార్చేయమని చైర్మన్ గారి ఆర్డరు. నరసాపురం బ్రాంచిలో ఉన్నవన్నీ మంచాలే. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ లేచి కుర్చీలో కూర్చున్నట్టు హైమ ఇంతవరకూ వినలేదు. మేనేజరుగా చేరి ఏడాదైనా కాలేదు గానీ, ఆవిడకి ఈ పెద్దాయనంటే ప్రాణం.

పెద్దవాళ్ళకి విశ్రాంతి ఒక్కటీ చాలదనీ, తమకోసం ఎదురుచూసే పనొకటి ఉండాలనీ రాజమండ్రిలో ఏదో ట్రైనింగులో చెప్పారు. హైమ అది బుర్రకెక్కించుకుని వచ్చి భాస్కరం గారికి రంగు పెన్సిళ్ళిచ్చింది. పూసలిచ్చింది. భక్తి చానెల్ పెట్టింది. ఆయన గోడనే చూశారు. కోనసీమ పెళ్ళిళ్ళలో గాడిపొయ్యిల దగ్గర జీవితమంతా నిలబడ్డ వంటమేస్త్రి చేతికి పూసలిస్తే ఏం చేసుకుంటాడన్న సంగతి, పాపం, నిన్న సాయంత్రం దాకా ఆవిడకి తట్టలేదు.

తట్టిన వెంటనే వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"బాబాయ్ గారూ, రేపు కమిటీ వాళ్ళొస్తున్నారండి. పనసపొట్టు కూర చేయిద్దామనుకుంటున్నాను."

గోడ వైపు నుంచి గొంతు వచ్చింది. "పొట్టు ఎవరు కొడతారు?"

"కొట్టడమెందుకండీ, ప్యాకెట్లు దొరుకుతున్నాయి కదా."

"ప్యాకెట్లా!" భాస్కరం గారు ఇటు తిరిగారు. "మరి ఆవ?"

"దానికీ పౌడరుందండి."

భాస్కరం గారు లేచి కూర్చున్నారు. "అమ్మాయ్, ఆ ఫోను ఇలా తే."

రెండు నెలల తర్వాత మనిషి కూర్చున్నాడన్న సంబరంలో హైమ ఫోను ఆయన చేతిలో పెట్టి, చేతికర్ర తేవడానికి పరుగెత్తింది. ఆయన ఎక్కువేమీ మాట్లాడలేదు. రావులపాలెం అరటి మార్కెట్టులో వ్యాపారం చేసే బుల్లియ్యకి ఫోన్ చేసి, "లేత పనసకాయలు కావాలిరా, పొద్దున్నే మా నిలయానికి వచ్చెయ్" అన్నారు. అంతే.

అయితే భాస్కరం గారి వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఆయన పనసకాయలు చెప్పారంటే అది పెళ్ళి. పెళ్ళంటే అరటికాయలు, ఆకులు బుల్లియ్యవి. బుల్లియ్యకి కబురొచ్చిందంటే షామియానా గణేష్‌బాబుకి వచ్చినట్టే. గణేష్‌బాబు కదిలితే సన్నాయివాళ్ళు కదులుతారు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఆయన ఒక్కటి చెబితే మిగతావి వాటంతటవే నడిచొచ్చేవి. పైగా ఎవరి పెళ్ళని అడిగే అలవాటు ఎవరికీ లేదు. కబురు పెట్టాక ఎవరిదని అడగడం కన్నా మర్యాద తక్కువ పని ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

పొద్దున హైమ స్నానం చేసి వచ్చేసరికి గేటు దగ్గర వ్యానులోంచి అరటి గెలలు దిగుతున్నాయి. ఆయా లోవలక్ష్మి గుండెల మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"మేడం గారండీ, మనం గెలలు చెప్పామాండి?"

"లేదే!"

"మరి పందిరి చెప్పామాండి?"

హైమ వాకిట్లోకి చూసింది. గణేష్‌బాబు మనుషులు అప్పటికే గుంజలు పాతేశారు. ఎర్ర మఖమలు వేసిన రెండు రాజా కుర్చీలు దింపుతున్నారు.

"ఏవండీ, ఆగండాగండి! ఇక్కడ పెళ్ళేమీ లేదండి!"

గణేష్‌బాబు ఆవిడ వంక ఎంతో సానుభూతిగా చూశాడు. "అలాగేనండి. మేమెవరికీ చెప్పం."

"చెప్పకపోవడమేంటండీ? నిజంగానే లేదు!"

"ఆయ్, లేదండి. మీరు కంగారు పడకండి. ఈ వయసులో ఒకరికొకరు తోడు కావాలనుకోవడంలో తప్పేముందండీ?" అని గొంతు తగ్గించి, "పెద్దవాళ్ళకి సిగ్గుగా ఉంటుంది, నాకు తెలుసండి" అన్నాడు.

హైమ లేదన్నకొద్దీ పెళ్ళి ఖాయమైపోయింది. వృద్ధుల నిలయంలో ఎవరో ఇద్దరు పెద్దవాళ్ళు గుట్టుగా ఒక్కటవుతున్నారన్న వార్త పక్కనున్న నర్సరీలన్నీ చుట్టేసింది. కడియం చుట్టుపక్కల కానుకంటే మొక్కే కదా. గులాబీ కుండీ ఒకరు, మందారం ఒకరు, మామిడంటు ఒకరు చంకనెత్తుకుని రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళెవరూ వధూవరులెవరని అడగలేదు. అందరూ తెలిసినట్టే నవ్వి, భోజనాల బంతి ఎప్పుడు వేస్తారని మాత్రం అడిగారు.

ఇక లాభం లేదు, పొయ్యి ఆర్పించాల్సిందేనని హైమ పెరట్లోకి పరుగెత్తింది. గాడిపొయ్యి మీద గుండిగ కుతకుతలాడుతోంది. పంచె ఎగ్గట్టి, చేతులకి నూనె రాసుకుని, భాస్కరం గారు నిలబడి ఉన్నారు. చేతికర్ర ఎక్కడుందో ఆయనకే తెలియదు.

"ఏమయ్యా, అది పొట్టా, కట్టెపేళ్ళా? సన్నగా కొట్టు! అమ్మా, ఆవ మెత్తగా నూరాలి, నీకు మీ అత్తగారు నేర్పలేదా?"

ఆవ నూరుతున్నావిడకి ఎనభై దాటాయి. మూడో గది విడిచి బయటికి రాని మనిషి. అత్తగారి మాటెత్తేసరికి పకపకా నవ్వుతోంది. ఆవిడ పక్కన, పొద్దస్తమానం సీలింగు ఫ్యాను లెక్కపెట్టే రిటైర్డు మాస్టారు అరటికాయ చెక్కు తీస్తున్నారు. పనిలేనివాడు ఆ పెరట్లో ఒక్కడూ లేడు. పొయ్యి ఆర్పమనడానికి హైమకి మనసొప్పలేదు. కళ్ళు చెమర్చాయి. ఆవ ఘాటనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"ఏంటమ్మాయ్, ఏదో చెప్పబోయావు?" అన్నారు భాస్కరం గారు.

"ఏం లేదు బాబాయ్ గారూ. ఉప్పు సరిపోయిందా అని."

తనిఖీ రేపటికి మార్చుకోమని చైర్మన్ గారిని బతిమాలదామని ఆవిడ ఫోన్ తీసేసరికి, కారు గేట్లోకి వచ్చేసింది.

కారు తలుపు తెరుచుకోగానే సన్నాయి అందుకుంది. అరవై దాటిన జంట దిగడం చూసి గణేష్‌బాబుకి అంతా అర్థమైపోయింది. గుట్టు పెళ్ళీ కాదు, మరోటీ కాదు, షష్టిపూర్తి! పొద్దుట్నుంచీ గుసగుసలాడినవాళ్ళంతా కాస్త సిగ్గుపడి, కాస్త నిరాశపడి, అక్షింతలు పట్టుకున్నారు. మణిశంకర్ గారు తేరుకునేలోగా ఇద్దరినీ రాజా కుర్చీల్లో కూర్చోబెట్టి దండలు వేసేశారు.

"ఏంటిది? నేను తనిఖీకి వచ్చాను! మేనేజరెక్కడ?" అని ఆయన అరుస్తూనే ఉన్నారు. డోలు ఊరుకుంటేగా.

లలితాంబ గారు దండ సర్దుకున్నారు. "కాస్త ఊరుకోండి. అరవై నిండినప్పుడు చేసుకుందామంటే దండగన్నారు. ఇప్పుడు ఊరు చేస్తుంటే మీకేం నొప్పి?"

"ఇది మనకి కాదు లలితా! ఏదో పొరపాటు!"

"మనకి మంచి ఏనాడైనా పొరపాటునే జరిగింది" అని ఆవిడ గులాబీ కుండీ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. చైర్మన్ గారు ముప్పై ఏళ్ళు బ్యాంకు నడిపిన మనిషి. ఎక్కడ వాదించకూడదో తెలుసు. తల వంచి అక్షింతలు వేయించుకున్నారు.

బంతి వేశారు. హైమ ఆయన విస్తరి ఎదురుగా నిలబడింది. ఉద్యోగం పోయిందని ఖాయం చేసుకుంది. దానికంత దిగులు లేదు. పెద్దాయన సంగతే తేలలేదు. మణిశంకర్ గారు పనసపొట్టు కూర ఒక ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు. మాట్లాడకుండా మొత్తం తినేసి, అప్పుడు తలెత్తారు.

"రెండు నెలలుగా మంచం దిగని ఆయనెవరో ఉన్నారన్నారు. ఎక్కడ?"

"మీకు కూర వడ్డిస్తున్నారండి" అంది హైమ.

చైర్మన్ గారు కిందినుంచి పైదాకా చూశారు. భాస్కరం గారు గరిట పట్టుకుని, ఇంకాస్త వెయ్యనా అన్నట్టు వంగి ఉన్నారు.

"ఈయన్ని నరసాపురం పంపాల్సిందే" అన్నారు మణిశంకర్ గారు.

హైమ అడ్డుపడింది. "వద్దండి! మీరు నన్ను తీసేయండి, పర్లేదు. ఆయన్ని ఆ మంచాల్లోకి పంపకండి. ఇంతమందిని లేపిన మనిషండి ఈయన!"

"మంచమెవరిస్తామన్నారమ్మా? అక్కడి వంట నోట్లో పెట్టలేకపోతున్నామని అందరిదీ గోల. ఈయన వారానికి రెండు రోజులైనా వెళ్ళి, ఆ వంటవాడికి కాస్త నేర్పాలి. కారు పంపిస్తాను. రాత్రికి ఇక్కడికే తిరిగొచ్చేస్తారు."

భాస్కరం గారు గరిట మీద చెయ్యి ఆనించి ఆలోచించారు.

"వెళ్తానండి. కానీ మంచం మంచానికీ కంచం మోయడం నా వల్ల కాదు. బంతి వేయిస్తేనే వండుతాను."

"వాళ్ళు మంచం దిగనివాళ్ళయ్యా! బంతికెలా వస్తారు?"

"నేనూ దిగనివాణ్ణేనండి, నిన్నటిదాకా" అన్నారు భాస్కరం గారు.

మణిశంకర్ గారు ఇంకాస్త కూర వెయ్యమని విస్తరి ముందుకు జరిపారు.