మా స్పీకర్ ఆగిపోవడం మా అదృష్టం

ఇంట్లో రేడియో ఆగకుండా మోగడం ఆరోగ్యానికి హానికరం!

నవ్వకండి. ముప్పై ఏళ్లుగా కాలమ్ రాస్తున్నవాణ్ణి. ఆలోచించకుండా ఒక్క వాక్యం కూడా రాయను. ఈ విషయంలో మా ఆవిడ అభిప్రాయం వేరు. ఆవిడకి కాలమ్ లేదు కాబట్టి నా అభిప్రాయమే అచ్చవుతోంది.

మా ఇంట్లో వైర్‌లెస్ స్పీకర్లు నాలుగున్నాయి. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, మా అమ్మ గదిలో ఒకటి, మా అమ్మాయి గదిలో ఒకటి. నేను రాసుకునే గదికి మాత్రం ఇవ్వలేదు. “నీకెందుకు నాన్నా, నువ్వెలాగూ నీ మాటలే వింటావుగా” అంది మా అమ్మాయి. పిల్లలు ఈ మధ్య నిజాలు మాట్లాడుతున్నారు, ఎక్కడ నేర్చుకుంటున్నారో!

ఈ స్పీకర్లు ఇంటర్నెట్‌లోంచి రేడియోని పట్టుకుంటాయి. మొన్నటిదాకా వాటి వరస ఇదీ: పట్టుకుంటాయి, వదిలేస్తాయి, మళ్లీ పట్టుకుంటాయి. పాట పల్లవి దాటి చరణంలో అడుగు పెట్టగానే ఠక్కున ఆగిపోతుంది. ఒక ఆడగొంతు ఎంతో వినయంగా “క్షమించండి, కనెక్షన్ దొరకడం లేదు” అంటుంది. మా ఇంట్లో తప్పు ఒప్పుకుని క్షమించమని అడిగే ప్రాణి అదొక్కటే. అది మొదటి లాభం.

రెండోది, వ్యాయామం. స్పీకర్ హాల్లో ఉంది, రౌటర్ నా గదిలో ఉంది. మధ్యలో ఇరవై రెండు అడుగులు. డాక్టర్ బతిమాలినా వీధి చివరిదాకా నడవని మా ఆవిడ అప్పట్లో రోజుకి ఎన్నిసార్లు నా గదికి వచ్చి వెళ్లేదో తెలుసా? వచ్చినప్పుడల్లా నాతో నాలుగు మాటలు కూడా అనేది. అవి ఏ మాటలన్నది ఇక్కడ అప్రస్తుతం.

రౌటర్ కట్టేసి, ముప్పై సెకన్లు ఆగి, మళ్లీ వెయ్యాలట. లెక్కపెట్టే పని మా అమ్మాయిది. పదిహేడు దగ్గర ఎవరో ఫోన్ చేస్తారు. ఫోన్ అయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇంత ఓపిక ఏ ధ్యాన కేంద్రంలో నేర్పుతారండీ?

ఇక లోకజ్ఞానం మాటకొస్తే చెప్పనే అక్కర్లేదు. మొన్న వాతావరణ వార్తల్లో “రేపు ఉదయం నుంచి నగరంలో భారీగా” అని ఆగిపోయింది. భారీగా ఏమిటి? వర్షమా? ఎండా? ట్రాఫిక్కా? మా ఆవిడ గొడుగు పట్టుకెళ్లింది. మా అమ్మాయి నల్లకళ్లజోడు పెట్టుకెళ్లింది. నేను ముందుజాగ్రత్తగా ఆఫీసుకి సెలవు పెట్టాను. పూర్తి వార్త విన్నవాళ్లకి ఇన్ని దారులు కనిపిస్తాయా?

క్రికెట్ కామెంటరీలో బంతిని బలంగా కొట్టాడు, గాల్లోకి లేచింది, కింద ఫీల్డర్ కాచుకుని ఉన్నాడు. ఆగిపోయింది! ఇది పోయిన నెల సంగతి. మా ఇంటి వరకూ ఆ బంతి ఇంకా గాల్లోనే ఉంది. మేం ఓడిపోలేదు.

వంటల కార్యక్రమంలో “ఇప్పుడు ఇందులో రెండు చెంచాలు” దగ్గర ఆగింది. మా ఆవిడ చేతికి అందినది రెండు చెంచాలు వేసింది. తిన్నాం. అదేమిటని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అందరం క్షేమం.

ఇన్ని లాభాలు కళ్లెదుట కనిపిస్తున్నా ఒప్పుకోని మనిషి మా ఇంట్లో ఒక్కరే. మా అమ్మ.

ఆదివారం పొద్దున పదకొండింటికి శ్రోతల ఉత్తరాలు చదివే కార్యక్రమం ఒకటి వస్తుంది. రెండేళ్లలో మా అమ్మ దానికి పందొమ్మిది ఉత్తరాలు రాసింది. ఒక్కటీ చదవలేదు. నేనయితే మూడోదానికే అలిగేవాణ్ణి. ఆవిడ ఇరవయ్యోది రాసింది. రెండు వారాల కిందట సోమవారం స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, ఈ ఆదివారం మీ ఉత్తరం చదువుతున్నాం, వినండి అని.

“ఏం రాశావమ్మా?” అన్నాను.

“రేడియోలో వినండి. నేను నోటితో చెప్తే ఎప్పుడైనా విన్నార్రా మీరు?” అంది.

ఆ తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, “అమ్మాయ్, ఆదివారం పదకొండింటికి గనక ఈ డబ్బా నోరు మూసుకుందో, నేను తెరుస్తాను నా నోరు” అంది. మా ఆవిడ హడలిపోయి వెంటనే తన తమ్ముడికి ఫోన్ చేసింది.

మా బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. పైకి, కిందకి తప్ప మూడో దిక్కు తెలియని మనిషి. పది నిమిషాల పని అక్కా, అంటూ మంగళవారం వచ్చాడు. శుక్రవారానికి కూడా మా సోఫాలోనే ఉన్నాడు.

ముందు మైక్రోవేవ్‌ని అనుమానించాడు. అది కట్టించాక ఆ వారమంతా చల్లన్నం తిన్నాం. తర్వాత చేపల తొట్టెని అనుమానించాడు. “నీళ్లు సిగ్నల్ తాగేస్తాయి బావా” అన్నాడు. మా చేపలు ఇప్పుడు బాత్రూంలో ఉన్నాయి. స్నానం చేస్తుంటే అదోలా చూస్తున్నాయి. తర్వాత హాల్లో అద్దం తీసేయించాడు. అది మాత్రం మంచి పనే, నా వయసు నాలుగు రోజులు నాకు కనిపించలేదు.

గురువారం పిన్నీసు పెట్టి రౌటర్ వెనక చిల్లులో పొడిచాడు. రీసెట్ అంటారట. రౌటర్ సర్వం మరిచిపోయింది. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టాలి. పాతదే పెడదాం, ఏమిటది అని మా అమ్మాయిని అడిగాను. అది నేలచూపులు చూసింది. గట్టిగా అడిగితే చెప్పింది, “నాన్నకి చెప్పొద్దు, ఒకటి రెండు మూడు” అని. ఏడాదిగా మా ఇంట్లో అందరూ నన్ను తలుచుకోకుండా ఇంటర్నెట్‌లోకి అడుగు పెట్టలేదన్నమాట. ఎంత ఆప్యాయత!

ఏం చేసినా ఒక గంట బాగా మోగేది. సరిగ్గా నేను రాసుకోవడానికి కూర్చోగానే ఆగిపోయేది. నా రాతకి నిశ్శబ్దం కావాలని యంత్రానికి కూడా తెలిసిందని మురిసిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం నెట్ కంపెనీ మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, ఎక్కువ మాట్లాడడు. మిగతావాళ్లు హాల్లో స్పీకర్ చుట్టూ కూర్చున్నారు. అతను చేతిలో ఫోన్ పట్టుకుని, అందులో సిగ్నల్ చూసుకుంటూ నేరుగా నా గదిలోకి నడిచాడు. రౌటర్ ముందు నిలబెట్టి ఉన్న రెండు ఇనప పెట్టెలు చూశాడు. ఒకదాని మీద ఒకటి, నా నడుమెత్తు.

“ఇవేంటి సార్?”

“నా రచనలు. ముప్పై ఏళ్లవి. చెదలు పట్టకుండా ఇనప పెట్టెల్లో దాచాను.”

“రౌటర్ వీటి వెనకాల ఎందుకు పెట్టారు?”

“వైరు అక్కడిదాకే వచ్చింది.”

“మూత ఎప్పుడెప్పుడు తీస్తారు సార్?”

“రాసే ముందు. పాతవి రెండు మూడు చదువుకుంటే హుషారొస్తుంది.”

అతను పైపెట్టె మూత ఎత్తి గోడకి ఆనించాడు. ఆ మూత సరిగ్గా రౌటర్ మీద రేకు తలుపు మూసినట్టు నిలబడింది. హాల్లో పాట ఆగిపోయింది. మూత దించాడు. కాసేపటికి పాట వచ్చింది. మళ్లీ ఎత్తాడు, ఆగింది. మళ్లీ దించాడు, వచ్చింది.

“సార్, ఇందులో ఏం రాశారో నాకు తెలీదు గానీ, గోడ కూడా ఇంత గట్టిగా ఆపదు సార్” అన్నాడు.

పాఠకులారా, ఆ క్షణంలో నా ఛాతీ ఉప్పొంగింది! రోడ్ల మీద గుంతల గురించి పద్నాలుగు వ్యాసాలు రాశాను. ఒక్క గుంత పూడలేదు. పెళ్లి ఊరేగింపుల మైకుల గురించి తొమ్మిది రాశాను. ఒక్క మైకు తగ్గలేదు. ముప్పై ఏళ్లలో నా రచనలు దేన్నయినా ఆపడం అదే మొదటిసారి!

“ఇంట్లోవాళ్లకి చెప్పమంటారా?” అన్నాడు.

వద్దన్నాను. ఎందుకంటారా? మా ఆవిడ ఆ పెట్టెలున్న చోట కుట్టుమిషన్ పెట్టుకోవాలని ఆరేళ్లుగా చూస్తోంది. కొలతలు కూడా తీసుకుంది. ఈ సంగతి తెలిస్తే నా ముప్పై ఏళ్లూ సాయంత్రానికల్లా పాతపేపర్లవాడి తక్కెడలో ఉంటాయి. మా ఇంట్లో నా కాలమ్ ఎవరూ చదవరని నా గట్టి నమ్మకం. చదవనివాళ్లకి దాచుకోవడం విలువేం తెలుస్తుంది? మెకానిక్ పెద్దమనిషి. హాల్లోకి వెళ్లి, “పైనుంచే ప్రాబ్లమ్ ఉందమ్మా” అని చెప్పి వెళ్లిపోయాడు. వాళ్ల దగ్గర ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

నేను చేయవలసింది ఒక్కటే. ఆదివారం పదకొండింటికి మూత ఎత్తకూడదు. అంతే కదా! చిన్నపిల్లలు కూడా చేయగల పని.

ఆదివారం వచ్చింది. మా అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఎవరో పెళ్లిచూపులకి వస్తున్నట్టు స్పీకర్ ఎదురుగా కూర్చుంది. మా ఆవిడ, అమ్మాయి, బావమరిది ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నారు. పదకొండు కొట్టింది. రెండు ఉత్తరాలయ్యాక రేడియో అమ్మాయి మొదలుపెట్టింది.

“మా అబ్బాయి పత్రికలో రాస్తాడు. ఇంట్లో ఎవరూ చదవరని వాడికి బెంగ. నేను మొదటి రోజు నుంచీ ఒక్కటి కూడా వదలకుండా చదువుతున్నాను. చెబితే కళ్లు నెత్తికెక్కుతాయని ఇన్నేళ్లూ చెప్పలేదు.”

నిజం చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మ నా వైపు చూడట్లేదు. స్పీకర్‌నే చూస్తోంది.

“వాడు రాసినవాటిల్లో ఒకటి మాత్రం నేను పది పదిహేనుసార్లు చదివి ఉంటాను. చదివినప్పుడల్లా ఏడ్చాను. వాడికి అది గుర్తుందో లేదో. అదేమిటంటే...”

రేడియో అమ్మాయి అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆ రెండు క్షణాల్లో నా బుర్ర ఏం చేసిందో చెప్పమంటారా? పేరు వినపడగానే ఆ కాగితం నా చేతిలో ఉండాలి, అందరికీ చూపించాలి, మా ఆవిడకి ముందుగా చూపించాలి అనుకుంది. ఇరవై రెండు అడుగులు నాలుగు అంగల్లో దాటాను.

మూత ఎత్తాను.

హాల్లోంచి వినయమైన గొంతు వినిపించింది, “క్షమించండి, కనెక్షన్ దొరకడం లేదు.”

మూత ధడేల్‌మని వేశాను. వేళ్లు నలిగాయి. దానికి రౌటర్ కనికరించలేదు. మళ్లీ శబ్దం వచ్చేసరికి రేడియో అమ్మాయి ముక్కు ఎగబీలుస్తోంది. “...అంతే, ఇంతకంటే నాకేం కావాలి. ఇట్లు, ఒక శ్రోత. ఎంత చక్కటి ఉత్తరమండీ! ఇప్పుడు తర్వాతి ఉత్తరం.”

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. అందరూ నన్ను చూశారు. నా వెనక పెట్టెని చూశారు. మా ఆవిడ లేచి కొలత టేపు తెచ్చుకోవడానికి వెళ్లింది.

“ఏదమ్మా? ఏది నచ్చింది?” అన్నాను.

“రేడియోలో చెప్పేశాను కదరా.”

“వినపడలేదమ్మా!”

“ఊరంతటికీ వినపడింది. నువ్వు పెట్టె దగ్గరికి పరిగెత్తావు. ఇంకోసారి చెప్పాలంటే నాకు సిగ్గు, పోరా” అంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. చల్లన్నమే కాబట్టి పెద్ద కష్టం అనిపించలేదు. సోమవారం మధ్యాహ్నం స్టేషన్‌కి ఫోన్ చేశాను. లైవ్ అండీ, మేం రికార్డు చెయ్యం, చదివిన ఉత్తరాలు పొద్దున్నే పాతకాగితాల బండికి వేసేశాం అన్నారు. “స్పీకర్ ఆగగానే ఫోన్లో పెట్టుకుని వింటే సరిపోయేది కదా బావా” అన్నాడు మా బావమరిది. ఇది అతనికి తట్టింది కూడా సోమవారమే.

ఇప్పుడు నా గదిలో కుట్టుమిషన్ ఉంది. పెట్టెలు రెండూ మా అమ్మ మంచం పక్కకి చేరాయి. స్పీకర్ వారం రోజులుగా ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకే చెప్పాను, హానికరమని. ఎవరూ లేవడం లేదు, ఎవరూ నడవడం లేదు, ఎవరూ నాతో నాలుగు మాటలు అనడం లేదు. నేను రెండు పెట్టెల ముందూ కూర్చుని ఒక్కో కాగితం తీసి మా అమ్మ ముఖం చూస్తున్నాను. ఇదా? తల ఊపదు. ఇదా? కిటికీలోంచి బయటికి చూస్తుంది. గుంతల మీద రాసినవి పద్నాలుగూ చూపించాను. ఆవిడ నిద్రపోయింది.

కాబట్టి పాఠకులారా, ఆగకుండా మోగే స్పీకర్ ఉన్న దురదృష్టవంతులు మీలో ఎవరైనా ఉంటే, ఆ ఆదివారం పదకొండు దాటాక ఆ కార్యక్రమం విని ఉంటే, దయచేసి నాకొక ఉత్తరం రాయండి. సగం విన్నవాళ్లు రాయొద్దు. మొదటి సగం నా దగ్గర ఉంది.