మాడిన కొంగ

ఊరి పండుగనాటి పొద్దున గెర్లిండె అనుకున్నది చిన్న పనే. రైహ్‌రోడ మేయరైన మొగుడు ఫోల్క్‌మార్ లేచేలోగా ఊరి జెండాను ఇస్త్రీ చేసి సిద్ధంగా పెట్టాలి. పొరుగున ఉన్న మోర్లాఖ్ నుంచి కాపురానికొచ్చి ఇరవై ఏళ్లయినా ఆమె ఇంకా అందరికీ ‘మోర్లాఖ్ పిల్లే’. జెండా ఆమె చేతికివ్వడం ఇదే మొదటిసారి. ఆ సంబరంలో ఇస్త్రీపెట్టె జెండా మీదే వదిలేసి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఊరి చిహ్నమైన కొంగకు తల లేదు. అత్తగారు వాల్‌ట్రౌట్ స్వహస్తాలతో కుట్టిన కొంగ! గెర్లిండెకు పై ప్రాణాలు పైనే పోయాయి. జెండాను చేసంచిలో కుక్కేసింది.

అంతలో ఫోల్క్‌మార్ రానేవచ్చాడు. "జెండా ఏదే?"

"అదీ... ఏవండీ..."

పెరటి తలుపు బార్లా తీసి ఉంది. "తెలిసిపోయిందిలే! మోర్లాఖ్ వాళ్లు లేపేశారు. నీ తమ్ముడి పనే!"

వసంతం వస్తే మే పండక్కి ఊరి నడుమ అలంకరించి నిలబెట్టే మే స్తంభాన్ని ఒకరిది ఒకరు ఎత్తుకుపోవడం, బీరు పీపా ఇచ్చి విడిపించుకోవడం ఆ రెండూళ్లకూ తాతలనాటి మర్యాద. గెర్లిండె నోరు తెరిచేలోపే ఊరిని పోగేస్తూ ఫైరింజన్ సైరన్ మోగింది. ఊరంతా బ్యాండు మేళంతో, పీపా దొర్లించుకుంటూ మోర్లాఖ్ మీద పడింది. చేసంచి చంకన పెట్టుకుని గెర్లిండె, పక్కనే అత్తగారూ నడిచారు.

మోర్లాఖ్ మేయరు ఒర్ట్‌విన్ గెర్లిండె తమ్ముడే. "ఏంటి బావా, పొద్దున్నే ఊరేగింపు?" అన్నాడు.

"నంగనాచి కబుర్లాపు. మా జెండా కొట్టేసింది నువ్వే కదూ?"

ఒర్ట్‌విన్‌కు పాపం ఏమీ తెలియదు. కానీ పీపా కనబడింది. పైగా, చేయకపోయినా ఇంత ఘనమైన దొంగతనాన్ని కాదనడానికి మనసొప్పలేదు. "మేం కాక ఇంకెవరు? మీరలా మొద్దునిద్ర పోతుంటే జెండా ఏం ఖర్మ, మీ టౌన్‌హాలే ఎత్తుకొస్తాం!"

పీపా ఖాళీ అయింది. "ఇక తే మా జెండా," అన్నాడు ఫోల్క్‌మార్.

ఒర్ట్‌విన్ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. దిక్కుతోచక అక్క వైపు చూశాడు. పుట్టింటి వాళ్లను దొంగల్ని చేసి తాను నోరు మూసుకు నిలబడటం గెర్లిండె వల్ల కాలేదు. సంచి విప్పింది.

"వాడు తీయలేదు. నేనే మాడ్చేశాను అత్తయ్యా. క్షమించండి."

బ్యాండు ఆగింది. "ఎంతైనా మోర్లాఖ్ పిల్ల..." అని ఎవరో గొణిగారు. వాల్‌ట్రౌట్ కళ్లజోడు సర్దుకుని కాలిన చోటంతా తడిమి చూసింది.

"పీడా వదిలింది! కొంగ అని కుడితే బాతై కూర్చుంది. ముప్పై ఏళ్లుగా దాన్ని కంబమెక్కించి నా పరువు తీస్తున్నారు. ఈ ఊళ్లో ఒక్కరైనా దాన్ని తగలబెట్టారా? చివరికి నా కోడలే దిక్కయింది!"

ఇరవై ఏళ్లలో ఆవిడ నోట ‘నా కోడలు’ అన్న మాట వినడం గెర్లిండెకు అదే మొదలు. ఏడుస్తూనే నవ్వేసింది.

కొత్త జెండా అత్తాకోడళ్లు కలిసి కుట్టారు. ఈసారి కొంగ కొంగలాగే వచ్చింది. కాకపోతే దాని చూపు కాస్త మోర్లాఖ్ వైపే ఉంటుందని రైహ్‌రోడ వాళ్లు ఇప్పటికీ అంటారు.