ఐదూళ్ల సాక్షి

ఆ ఉదయం గఫూర్ అనుకున్నదల్లా ఒక్కటే, పోలీస్ స్టేషన్ గోడ పక్కనున్న తన టీ బండికి కొత్త రేకు వేయించాలని. ఆ చోటు అతనికి దక్కింది టీ రుచి వల్ల కాదు, సంతకం వల్ల. ఏ పంచనామాకైనా సాక్షి గఫూరే.

అంతలో హెడ్ కానిస్టేబుల్ వీరబాబు కాగితాల కట్టతో వచ్చాడు. నకిలీ మిరప విత్తనాలు అంటగట్టి ఐదూళ్ల రైతుల్ని ముంచిన శ్యామ్ సుందర్ విదేశంలో పట్టుబడ్డాడు. రెండు దేశాలకూ ఒప్పందం ఉంది కాబట్టి అప్పగిస్తాం, కానీ నేరం చేసి ఉంటాడని నమ్మదగ్గ ఆధారం చూపించండి అంటోంది అక్కడి కోర్టు.

"నమ్మదగ్గ ఆధారమంటే ఏందండీ?" అన్నాడు గఫూర్.

"నువ్వే. పెట్టు సంతకం."

"వాణ్ణి ఏ ఊళ్లో చూశానండీ?"

"ఐదూళ్లలోనూ. పొద్దున తొమ్మిదింటికి, విత్తనాలు అమ్ముతుంటే."

"ఒక్క పొద్దున్నేనా?"

"ఒరేయ్, రైతులంతా కోతల్లో ఉన్నారు. ఒక్కడూ స్టేషన్ గడప తొక్కనంటున్నాడు. నీ బండి ఇక్కడ ఉండాలా, వద్దా?"

గఫూర్ ఐదుసార్లు సంతకం పెట్టాడు. ఐదు వాంగ్మూలాలూ పొల్లుపోకుండా ఒకేలా ఉండటం చూసి పై అధికారులు సాక్ష్యం మహా గట్టిగా ఉందని మెచ్చుకుని ఆ కోర్టుకు పంపించారు. అక్కడి జడ్జి అంతకంటే మెచ్చుకున్నట్టున్నాడు, సాక్షిని వీడియోలో చూస్తానన్నాడు.

సీఐ గదిలో, సీఐ ఇచ్చిన ఇస్త్రీ చొక్కాలో గఫూర్ కూర్చున్నాడు. తెరమీద జడ్జి మాటల్ని పక్కనున్న ఒకమ్మాయి తెలుగులో అడిగింది.

"విత్తనాలు అమ్మిన రోజు తొమ్మిదింటికి ఎక్కడున్నారు?"

వీరబాబు వెనకనుంచి గిల్లాడు.

"టీ తాగతా ఉన్నానండీ."

"ఏ ఊళ్లో?"

"ఐదూళ్లలోనండీ."

"ఒకే టైములో ఎలా కుదిరింది?"

గఫూర్ ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "చిన్న చిన్న ఊళ్లేనండీ."

జడ్జి కాగితాలు తిరగేశాడు. అమ్మాయి తీర్పు వినిపించింది. శ్యామ్ సుందర్‌ను అప్పగించడానికి ఈ ఆధారం చాలదు. అయితే ఐదు చోట్లా, విత్తనాలు అమ్మిన వేళకే, తప్పకుండా ఉన్న మనిషి ఒకడున్నాడు. అతని మీద మాత్రం నమ్మదగ్గ ఆధారం నిండుగా ఉంది. మా దేశంలో దొరికి ఉంటే ఈ పూటే విమానం ఎక్కించేవాళ్లం.

ఈ సంగతి ఐదూళ్లకూ పాకింది. ఎన్నిసార్లు పిలిచినా రాని రైతులు సాయంత్రానికల్లా ట్రాక్టర్లలో దిగారు.

"ఏడీ ఆ గఫూరు? మాకు అప్పగించండి!"

"ఆధారం?" అన్నాడు వీరబాబు గేటుకు అడ్డం నిలబడి.

"ఐదు సంతకాలు చేశాడంటగా!"

వీరబాబు బండి తీసెయ్యమనకముందే గఫూర్ దొడ్డిదారిన దాన్ని తోసుకుని బస్టాండుకు పోయాడు. అక్కడ టీ గ్లాసును కూడా, తన వేలిముద్ర పడకుండా, గుడ్డతో పట్టుకునే ఇస్తున్నాడు.