ముప్పావు విమానం, లీటరు డబ్బా

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నాయనమ్మ పేరమ్మ, బాబాయి హేమసుందర్, పిన్ని పద్మశ్రీ, గన్నవరం నుంచి వచ్చిన సొలొమోను గారు, నేను, రెండు పెట్రోలు పంపులు, రెక్కలు ఇంకా బిగించని ముప్పావు వంతు విమానం. విమానాన్ని ఇంట్లో మనిషి కింద లెక్కేయకపోతే బాబాయి నొచ్చుకుంటాడని చేర్చాను.

ఇప్పుడు ఒక మాట ధైర్యంగా చెబుతున్నాను. ఇంట్లో ఆడపిల్లకి గౌరవం దక్కాలంటే పెద్ద చదువు అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు. ఇంట్లో ఒక విమానం ఉంటే చాలు!

నవ్వుతున్నారా? మీ ఇంట్లో విమానం లేదు కాబట్టి నవ్వుతారు. రెండేళ్ళ కిందట మేమూ నవ్వాం.

మా బాబాయి ఆటోనగర్‌లో చేపల చెరువుల డీజిలింజన్లు బాగుచేస్తాడు. ఏదో పత్రికలో, ఎవరో దొర తన కారు షెడ్డులో సొంతంగా విమానం కట్టుకున్నాడని చదివాడు. ‘‘ఆయనకి షెడ్డొకటే ఉంది. మనకి షెడ్డుతో పాటు హాలు కూడా ఉందిగా!’’ అన్నాడు. అప్పట్నుంచి మా పటమట ఇంట్లో హాలు రెక్కలది, పెరట్లో రేకుల షెడ్డు విమానం ఒంటిది. మిగిలిన జాగా మాది.

దీనివల్ల ఎన్ని లాభాలో చెప్పమంటారా? పది రోజులు ఉండిపోదామని వచ్చిన పిన్ని వాళ్ళ అత్తయ్య రెక్క కింద పడుకుని, రెండుసార్లు లేవబోయి రెండుసార్లూ నుదురు కొట్టుకుని, మూడో రోజు పొద్దున్నే బస్సెక్కేసింది. అంత మర్యాదగా చుట్టాల్ని సాగనంపే సామాను వేరే ఏదైనా ఉందా? పెట్రోలు వాసనకి దోమలు మా గుమ్మం తొక్కడం మానేశాయి. రెక్క మీద పిన్ని వడియాలు పెట్టి ఎండలోకి జరిపితే ఒక్క ఈగ వాలలేదు. ఆ వడియాలు మేమూ తినలేకపోయామనుకోండి, అది వేరే సంగతి. కరెంటు పోతే వీధి వీధంతా విసనకర్రలు పట్టుకుని గుమ్మాల్లో కూర్చుంటే, మేము విమానం ఇంజనుకి పెట్రోలు తోడే పంపులకని తెచ్చిన కారు బ్యాటరీకి టీవీ తగిలించి సీరియల్ చూసేవాళ్ళం. పంపులు పరీక్షించే రోజున మాత్రం పొయ్యి వెలిగించకూడదు. అంటే పిన్నికి వంట సెలవు! ఏ మొగుడు ఇస్తాడండీ అలాంటి సెలవు?

అన్నిటికంటే పెద్ద లాభం నాకే జరిగింది.

నేను మా ఊళ్ళో పదో తరగతి పాసై ఇంటర్ చదవడానికి బాబాయి ఇంటికి వచ్చాను. మా బళ్ళో హాజరు పలకడానికే నాకు చెమటలు పట్టేవి. ఇక కాలేజీలో నా గొంతు ఎవరూ వినలేదు. అలాంటి నన్ను బాబాయి పిలిచి, తన చేతి వాచీ విప్పి నా చేతికి కట్టాడు.

‘‘సుధా, నువ్వే టైంకీపర్‌వి. పంపు తిరగడం మొదలైనప్పట్నుంచి లీటరు నిండేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో నీ డైరీలో రాయాలి. నా ప్రాణం నీ చేతిలో ఉంది.’’

చూశారా! విమానం లేని ఇళ్ళల్లో ఆడపిల్లల చేతిలో ఏం పెడతారు? అప్పడాల కర్ర! నా చేతిలో ఏకంగా మా బాబాయి ప్రాణం పెట్టారు.

ప్రాణం అన్నది ఊరికే అన్న మాట కాదు. గంగాప్రసాద్ గారని, బాబాయికి తెలిసిన ఆసామి, తన నలభై ఎకరాల చేపల చెరువు ఎండగట్టారు. నేల గట్టిపడి బల్లలా ఉంది. మంగళవారం మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఈలోపు, ఆదివారం పొద్దున, విమానం ఆ చెరువులో పరిగెత్తి ఎగరాలి. చివర్న నిలువెత్తు గట్టు ఉంది. గట్టు దాటేటప్పుడు ఇంజను పూర్తి జోరులో గంటకి ఇరవై లీటర్ల లెక్కన పెట్రోలు తాగుతుందట. అందుకని ఏ పంపుకి ఆ పంపు విడిగా గంటకి ఇరవై ఐదు లీటర్లు తోడి చూపించాలని రూలు. ఆ అయిదూ చేతిలో లేకుండా గట్టు మీదికి వెళ్ళకూడదన్నమాట.

ఈ పరీక్ష చూసి సంతకం పెట్టడానికే సొలొమోను గారు వచ్చారు. గన్నవరం విమానాల దగ్గర మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. వెలిగించని సిగరెట్టు నోట్లో పెట్టుకుని తిరుగుతారు. ‘‘వాచీ ఉందాండీ?’’ అని బాబాయి అడిగితే, ‘‘రిటైరైన రోజే తీసేశానయ్యా. ఇంక ఎవరికి టైం చెప్పాలి?’’ అన్నారు.

షెడ్డులో విమానం ముక్కు కింద పిన్ని రుబ్బురోలు పెట్టి, ఎగిరేటప్పుడు ఉన్నట్టు పైకెత్తారు. పెట్రోలు టిన్ను కింద, పంపు పైన, పంపు గొట్టం చివర కొలత. కొలతకి తెచ్చిన ప్లాస్టిక్ మగ్గు మీద గీతలు మొదటి రోజే పెట్రోలుకి చెరిగిపోయాయి. అందుకని బాబాయి వంటింట్లోకి వెళ్ళి నాయనమ్మ రేకు డబ్బా పట్టుకొచ్చాడు. దాని మీద ‘ఒక లీటరు’ అని ముద్ర ఉంది.

మొదటి పంపు రెండు నిమిషాల పది సెకన్లలో డబ్బా నింపింది. గంటకి ఇరవై ఏడున్నర లీటర్ల పైమాటే! రెండో పంపు ఇంకో అయిదు సెకన్లు ముందే నింపింది. బాబాయి షెడ్డులో గెంతాడు. పిన్ని రెండు అరలీటరు పాల పాకెట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘‘అయిపోయినట్టేగా? ఆయనకి కాఫీ పెట్టనా?’’ అంది. సొలొమోను గారు నా డైరీ అందుకుని పెన్ను మూత తీశారు.

నాకు చెమటలు పట్టాయి.

ఎందుకంటే, ఆ డబ్బాతో కొలిచే నాయనమ్మ నలభై ఏళ్ళుగా రొయ్యపప్పు అమ్ముతోంది. కిందటేడు వన్ టౌన్‌లో గిన్నెలకి మాట్లు వేసే ఒకతని చేత దాని అడుగు లోపలికి కొట్టించింది. బయట్నుంచి చూస్తే అదే డబ్బా. నాకెలా తెలుసంటారా? అతను సుత్తితో కొడుతుంటే డబ్బా పట్టుకున్నది నేనే! ‘‘ఎవరికన్నా చెప్పావంటే చూడు’’ అని ఆ రోజు నాకు బెల్లం జీళ్ళు కూడా కొనిపెట్టింది.

చెబితే పరాయి మనిషి ముందు నాయనమ్మ పరువు పోతుంది. చెప్పకపోతే ఆదివారం గట్టు దగ్గర బాబాయి పోతాడు. పైగా నోరు తెరిస్తే మాట వచ్చే రకం కాదు నేను. ఏం చెయ్యను?

పిన్ని చేతిలో పాకెట్లు లాక్కున్నాను. డబ్బాలో పెట్రోలు టిన్నులోకి ఒంపేసి, ఒక పాకెట్టు చించి డబ్బాలో పోశాను. రెండోదీ చించి పోశాను. అది సగం అయ్యేసరికి డబ్బా నిండింది. ఆపలేదు. పాలు అంచు దాటి, బల్ల దాటి, సొలొమోను గారి చెప్పుల మీదికి కారాయి.

అందరికంటే ముందు తేరుకున్నది, పిన్ని వెనక నిలబడి చూస్తున్న నాయనమ్మే.

‘‘పాలు పొంగినయ్! శుభం! ఇయ్యాల్టికి విమానానికి గృహప్రవేశం అయిపోయిందిరా అబ్బాయ్!’’

‘‘పాకెట్టులో ఎక్కువ పోసుంటారండీ,’’ అన్నాడు బాబాయి నీరసంగా.

‘‘అరవై రెండేళ్ళొచ్చినయ్ నాకు. ఎక్కువ పోసే పాలవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదయ్యా,’’ అంటూ సొలొమోను గారు డబ్బా తిరగేశారు. అడుగున నాలుగు వేళ్ళు దూరేంత గుంట. ఆయన నాయనమ్మ వంక చూశారు.

‘‘ఏంటయ్యా అట్టా చూస్తావు? అది రొయ్యపప్పు డబ్బా. దాంతో విమానాలు కొలవమని నేనేమన్నా చెప్పానా?’’

న్యాయమైన మాటే కదండీ!

నేను డైరీలో లెక్క సరిచేశాను. ముప్పావు లీటరుకి రెండు నిమిషాల పది సెకన్లు. గంటకి ఇరవైకి పైన ముక్కాలు లీటరు. రెండో పంపు ఇంకొక్క గుక్క ఎక్కువ. ఇంజను తాగేదీ అంతే. బాబాయి ఆ అంకె చూసి రుబ్బురోలు పక్కన కూలబడ్డాడు. సొలొమోను గారు పెన్నుకి మూత పెట్టేసి, ‘‘పిల్ల పుణ్యాన గట్టు దాటావు పో,’’ అన్నారు.

బాబాయి స్కూటరేసుకుని ఆటోనగర్ వెళ్ళి గంటలో ఇంతకంటే పెద్ద పంపులు రెండు తెచ్చాడు. పిన్ని ఒక లీటరు నీళ్ళ సీసా, సీలు కూడా తియ్యనిది, అందరి ముందూ ఒంపి కొలతకి ఇచ్చింది. ఈసారి దొంగ లెక్కలకి ఆస్కారం లేదు. నేను డైరీ తెరిచి, వాచీ సరిచూసుకుని నా చోట్లో నిలబడ్డాను. చెప్పానుగా, విమానం ఉన్న ఇంట్లో ఆడపిల్ల గౌరవమే వేరు!

అప్పుడు నాయనమ్మ షెడ్డు మధ్యలో చతికిలబడింది.

‘‘నలుగుర్లో నా డబ్బా తిరగేయించింది ఇది. ఇది ఇక్కడుంటే నేనుండను. నేనుండాలంటే దీన్ని పంపెయ్. జీళ్ళు కూడా కొనిపెట్టాను దీనికి!’’

బాబాయి తల్లి వంక చూశాడు, నా వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

‘‘సుధా, నువ్వు కాసేపు లోపలికెళ్ళమ్మా. లెక్క తేడా రాకుండా జాగ్రత్తగా చెయ్యాల్సిన పనిది. టైం సంగతి సొలొమోను గారు చూసుకుంటార్లే.’’

నా చేతిలో డైరీ తీసుకున్నాడు. నన్ను వంటింటి వైపు గడప దాటించాడు. మొహం చూపించలేక పక్కకి తిరిగి, మెల్లిగా, ఎంతో మర్యాదగా తలుపు మూశాడు.

‘‘స్టార్ట్!’’ అని లోపల్నుంచి వినబడింది. పంపు తిరగడం మొదలైంది.

వాచీ నా చేతికే ఉంది.